ఇనుముకు ఒక ప్రొపెల్లర్, ఇత్తడికి ఇంకొకటి

కొత్త మోడల్ విమానం ఇంజిన్‌కు మొట్టమొదట బిగించే ప్రొపెల్లర్ ఎగరడానికి కాదు. లోపల పిస్టన్, లైనర్ ఒకదానికొకటి అలవాటు పడేదాకా, అంటే రన్నింగ్-ఇన్ అయ్యేదాకా, ఇంజిన్ మీద ఎంత బరువు పడాలి, అది ఎంత వేగంగా తిరగాలి, ఎంత వేడెక్కాలి అన్నవి నిర్ణయించేది ఆ ప్రొపెల్లరే. తొలి గంటలో చెడిన ఇంజిన్ మళ్లీ బాగుపడదు. అయినా ఈ ఒక్క విషయంలో పాతవాళ్లది ఒక మాట, కొత్తవాళ్లది ఒక మాట. ఇద్దరూ గట్టి నమ్మకంతోనే చెబుతారు.

ఈ సంవాదంలో మామది ఆలూరు వైపు. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో తీగ కట్టి గుండ్రంగా తిప్పే కంట్రోల్ లైన్ విమానాలు ఎగరేశాడు, ఆ తర్వాత బళ్లారిలో లారీ ఇంజిన్లు విప్పి బిగించే షెడ్డు నడిపాడు. అల్లుడు బళ్లారిలోనే పుట్టి పెరిగిన ఇంజినీరింగ్ విద్యార్థి. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ బళ్లారి మైసూరుకూ పోయాయి గానీ చుట్టరికాలు ఎటూ పోలేదు. వీళ్లిద్దరి ముందూ బల్ల మీద రెండు ఇంజిన్లున్నాయి. అల్లుడిది కొత్తగా కొన్న 46 సైజు గ్లో ఇంజిన్, అంటే 0.46 ఘనపు అంగుళాలు, ఏడున్నర సీసీ. మామది ఏళ్ల తరబడి పెట్టెలోంచి తీయని 2.5 సీసీ డీజిల్. ప్రొపెల్లర్‌కు 10×5 అంటే వ్యాసం పది అంగుళాలు, పిచ్, అంటే ఒక చుట్టుకు ముందుకు సాగాల్సిన దూరం, ఐదు అంగుళాలు.

మామ: ఏందప్పా, 46 ఇంజిన్‌కు 10×5 బిగిస్తాండావు? దానికి 11×6 కదా వేయాల్సింది. అంత చిన్న ఫ్యాను వేస్తే పట్టపగ్గాలుండవు, కొత్త ఇంజిన్ అరిగి చస్తాది.

అల్లుడు: ఎగరేసేటప్పుడు 11×6నే వేస్తా మామా. ఇది రన్నింగ్-ఇన్‌కు మాత్రమే.

మామ: రన్నింగ్-ఇన్ అంటేనే నెమ్మది. సండూరు కొండల నుంచి ఖనిజం మోసిన లారీలు ఎన్ని నా షెడ్డుకు రాలేదు! బోరు చేసి కొత్త రింగులేసినాక డ్రైవర్‌కు ఒకటే చెప్పేవాణ్ణి, లోడు వద్దు, స్పీడు వద్దు అని. నువ్వూ అట్లనే చేయి. పెద్ద ఫ్యాను వేస్తే అదే ఇంజిన్‌ను స్పీడు పోకుండా పట్టుకుంటాది. ఇంధనం వదిలే నీడిల్ బాగా తెరువు, ఆముదం దండిగా పోనీ. గంటసేపు గుడగుడమని తిరగనీ.

అల్లుడు: నువ్వు చెప్పిన రెండు మాటలకు పొత్తు కుదర్లేదు మామా. లారీకి లోడు వద్దంటివి. పెద్ద ప్రొపెల్లర్ అంటే లోడే కదా!

మామ: లోడు అంటే కొండెక్కడం. గాలిని తిప్పడం ఏం లోడు?

అల్లుడు: మనకు కొండ గాలే. లెక్క చూడు. ప్రొపెల్లర్ తినే శక్తి వ్యాసానికి నాలుగో ఘాతంగా పెరుగుతాది, పిచ్‌తో మామూలుగా పెరుగుతాది. 11ను నాలుగుసార్లు వేసి గుణించి, దాన్ని ఆరుతో గుణించు. ఆ వచ్చినదాన్ని నూరు అనుకుంటే, అదే వేగం మీద 11×5కు 83 పడతాది. 10×6కు 68. 10×5కు 57. 9×6 అయితే 45కు దిగిపోతాది. పిచ్‌లో అంగుళం తగ్గిస్తే కొంచెం ఊరట, వ్యాసంలో అంగుళం తగ్గిస్తే చాలా ఊరట.

మామ: తగ్గిన బరువంతా స్పీడు కింద మారదా?

అల్లుడు: మారతాది, కానీ నువ్వు భయపడినంత కాదు. వేగం పెరిగితే ప్రొపెల్లర్ తినే శక్తి దాని మూడో ఘాతంగా పెరుగుతాది. అందుకే బరువు 57కు దిగినా, ఇంజిన్ అంతే శక్తి ఇచ్చిందనుకుంటే, వేగం ఇరవై శాతమే పెరుగుతాది. 11×6 మీద నిమిషానికి 12,500 చుట్లు తిరిగేది 10×5 మీద 15,000 తిరుగుతాది. పైగా నీడిల్ కొంచెం తెరిచే ఉంచుతా కాబట్టి అంత దాకా కూడా పోదు.

మామ: ఆ ఇరవై శాతం మాత్రం కొత్త ఇంజిన్‌కు ఎందుకు? లెక్క బాగుంది, అవసరం చెప్పు.

మామ అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ప్రొపెల్లర్ కొలతల పట్టికలు ఎక్కడైనా దొరుకుతాయి. ఎందుకు అన్నదానికి జవాబు మాత్రం ఇంజిన్ లోపలి లోహాల్లోనే ఉంది.

అల్లుడు: ఇది ఏబీసీ ఇంజిన్ మామా. పిస్టన్ సిలికాన్ ఎక్కువ కలిపిన అల్యూమినియం, లైనర్ ఇత్తడి, లైనర్ లోపలి గోడకు క్రోమ్ పూత. రింగు లేదు. లైనర్‌ను కావాలనే పైకి పోయేకొద్దీ సన్నగా తీస్తారు. చల్లగా ఉన్నప్పుడు చేత్తో తిప్పు, పిస్టన్ పైకి పోయేచోట పట్టేస్తాది.

మామ: (తిప్పి చూసి) అవును, పైన కిర్రుమంటాది. మిషన్ పని సరిగ్గా చేయలేదేమో అనుకున్నా.

అల్లుడు: సరిగ్గా చేసినారు కాబట్టే పట్టేస్తాంది. ఇంజిన్ వేడెక్కితే ఇత్తడి ఆ పిస్టన్ కన్నా ఎక్కువ సాగుతాది. పైన నిప్పు పుట్టే చోట వేడి ఎక్కువ, అక్కడే ఎక్కువ సాగుతాది. అప్పుడు ఆ సన్నటి బోరు సరిగ్గా విప్పుకుని పిస్టన్‌కు కావాల్సినంత సందు ఇస్తాది.

మామ: బండిచక్రానికి ఇనుప పట్టా తొడిగినట్టన్నమాట. నిప్పుల్లో కాల్చి సాగినప్పుడే తొడగాల, చల్లపట్టాతో కొట్టుకుంటే చక్రమే చీలుతాది.

అల్లుడు: అదే మామా! పెద్ద ప్రొపెల్లర్ వేసి, నీడిల్ బార్లా తెరిచి, గంటసేపు చల్లగా గుడగుడలాడిస్తే ఆ బిగుతు విడవదు. పిస్టన్ పైకి పోయిన ప్రతిసారీ అక్కడ గీరుకుంటూనే ఉంటాది. కనెక్టింగ్ రాడ్డు లాగి లాగి అలసిపోతాది. గంట తర్వాత ఇంజిన్ మెత్తగా తిరుగుతాది, రన్నింగ్-ఇన్ అయిపోయిందని సంతోషపడతాం. నిజానికి పోయింది కంప్రెషన్. పోనీ, పెద్ద ప్రొపెల్లర్ మీదే వేడెక్కిద్దామంటే నీడిల్ బిగించాల. బరువు మోస్తూ ఇంధనం తక్కువైన కొత్త ఇంజిన్ ఏమవుతాదో నీకు నేను చెప్పాల్సిన పని లేదు.

మామ: పట్టేస్తాది. సరే, నీ పద్ధతి ఏంది?

అల్లుడు: ముందు హెయిర్ డ్రయర్‌తో హెడ్డు వేడి చేస్తా. స్టార్టయినాక ఎక్కువసేపు రిచ్‌లో, అంటే ఇంధనం ఎక్కువ పోయేట్టు, పెట్టను. నీడిల్ బిగిస్తా వస్తే చప్పుడు మారతాది కదా, చుట్టు విడిచి చుట్టు మండే మొద్దు చప్పుడు నుంచి ప్రతి చుట్టూ మండే సన్న చప్పుడుకు. ఆ రెంటి మధ్య, అటూ ఇటూ ఊగే చోట నిలబెడతా. రెండు మూడు నిమిషాలు. ఆపి, చేత్తో తాకేంత పూర్తిగా చల్లారనిస్తా. మళ్లీ మొదలు. వేడెక్కడం, చల్లారడం, ఇదే దాని రన్నింగ్-ఇన్. పది అంగుళాల చిన్న ప్రొపెల్లర్ ఉంటేనే నీడిల్ పూర్తిగా బిగించకుండా ఆ వేడికి చేరుకుంటాది.

మామ: ఒప్పుకుంటా. ఈ ఇత్తడి ఇంజిన్‌కు నా లారీ బుద్ధి పనికిరాదు. మరి నా డీజిల్ సంగతి చెప్పు. దానికేం వేస్తావు?

అల్లుడు: అది ఇంకా చిన్నది కదా. 8×4 నైలాన్‌ది వేసి ఇట్లనే వేడిగా తిప్పితే సరిపోతాది.

మామ: ఇక్కడ తప్పినావు నువ్వు. ఇంతసేపూ లోహం, లోహం అని పాఠం చెప్పి, నా ఇంజిన్ కాడికొచ్చేసరికి లోహం అడగకుండానే ఫ్యాను చెప్పేస్తివి. దీంట్లో పిస్టన్ పోత ఇనుము, లైనర్ ఉక్కు. రెంటినీ రుద్ది రుద్ది జత కలిపినారు, నీ ఇంజిన్ మాదిరి పైన పట్టు అంతగా ఉండదు. వేడెక్కితే ఉక్కు ఏం పెద్దగా సాగి చోటివ్వదు. పోత ఇనుముకు ఇంకో గుణం ఉంది, వేడి తగిలి చల్లారిన ప్రతిసారీ కొత్తలో రవ్వంత ఉబ్బుతాది. మొదటి రోజే జోరుగా తిప్పితే అది ఉబ్బిన చోటల్లా గోడకు రాసుకుని గీత పడతాది. ఒక నిమిషం తిప్పి ఆపాల, చల్లారనీయాల, మళ్లీ ఒక నిమిషం. ఇంధనం దండిగా పోవాల, కంప్రెషన్ స్క్రూ కొంచెం వదులుగానే ఉండాల. నాలుగైదు దఫాలైనాక నిమిషాన్ని రెండు చేయి. ఆ నెమ్మది ఇక్కడ చాదస్తం కాదప్పా.

అల్లుడు: చల్లార్చి చల్లార్చి తిప్పమనడం నాదీ అదే కదా. ఫ్యాను చిన్నదైతే ఏమి?

మామ: డీజిల్‌కు ప్లగ్గు లేదు. గాలిని నొక్కితే పుట్టే వేడికే మండాల. పైకి పోయిన పిస్టన్‌ను ఆ నొక్కుడు దాటించి తిప్పేది ప్రొపెల్లర్ బరువే, దీనికి వేరే ఫ్లైవీల్ ఏది? తేలికపాటి నైలాన్ 8×4 వేసి వేలితో తిప్పు, వెనక్కి తన్ని నీ వేలు పగలగొడతాది. 9×4 చెక్కది వేయాల. వ్యాసం ఉంది కాబట్టి ఊపు ఉంటాది. పిచ్ తక్కువ కాబట్టి బరువు పడదు. ఎన్‌సీసీలో కోల్‌కతా అరోరా డీజిళ్ల మీద నేర్చుకున్నది ఇది, ఈ వేళ్లే సాక్ష్యం.

ఇక్కడ మామ చెప్పిందే సరైనది. అల్లుడు నేర్చుకున్న సూత్రం మంచిదే, దాన్ని అన్నిటికీ పూసేయడం మంచిది కాదు. ఇవి కాక మూడో రకం ఇంజిన్లున్నాయి, రింగు ఉన్నవి. వాటి దగ్గర మామ లారీ అనుభవం దాదాపు అట్లాగే చెల్లుతుంది: మామూలు కన్నా కాస్త తేలికైన ప్రొపెల్లర్, మొదట్లో బాగా రిచ్‌గా, చల్లగా, ఆ తర్వాత ట్యాంకు ట్యాంకుకూ నీడిల్ కొంచెం కొంచెం బిగిస్తూ. అక్కడ పట్టు అంతా రింగుదే, లైనర్ సాగాలని ఎదురుచూడక్కర్లేదు.

అల్లుడు: సరే మామా, నీ డీజిల్‌కు 9×4 చెక్కది. సాయంత్రం తిప్పుదామా?

మామ: వద్దు. ఈ ఇంధనంలో ఈథర్ ఉంది, కిరోసిన్, ఆముదం, ఈథర్ ఇంచుమించు సమపాళ్లు. ఈథర్ మరిగేది 34.6 డిగ్రీలకే. మన బళ్లారి ఎండాకాలంలో నలభై దాటుతాది. సీసా మూత తీసి పెడితే చాలు, ఈథర్ లేచిపోతాది, మిగిలేది కిరోసిన్ కలిపిన ఆముదం. ఇంజిన్ అంటుకోదు, నువ్వు కంప్రెషన్ బిగిస్తా పోతావు, కొత్త రాడ్డు వంగుతాది. తెల్లవారుజామున తిప్పాల. ఆ ఆవిరి నేలబారున పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటాది, షెడ్డులో అసలొద్దు.

అల్లుడు: నా దానికి ఎండ బాధ లేదులే. మిథనాల్, నూనె.

మామ: ఎందుకు లేదు? నీడిల్ మధ్యాహ్నం పెడతావా, తెల్లారి పెడతావా?

అల్లుడు: అదీ నిజమే. బళ్లారి సముద్రమట్టానికి సుమారు 480 మీటర్ల ఎత్తు. దాని మీద నలభై డిగ్రీల ఎండంటే గాలి పుస్తకాల్లో రాసినదాని కన్నా 12, 13 శాతం పల్చన. ప్రొపెల్లర్‌కు గాలి తేలికవుతాది, ఇంజిన్‌కు ఊపిరీ అంతే తగ్గుతాది, అందుకని చుట్లు పెద్దగా మారవు. కానీ నీడిల్ మారతాది. పల్చటి గాలికి తగ్గట్టు మధ్యాహ్నం బిగించిన నీడిల్‌ను అట్లనే ఉంచి చలికాలం తెల్లారి తిప్పితే, చిక్కటి గాలికి ఇంధనం చాలదు. లీన్ అయిపోతాది.

మామ: అప్పుడు కాపాడేది ఆముదమే. నువ్వు తెచ్చిన డబ్బాలో ఏముంది?

అల్లుడు: సింథటిక్ నూనె. మసి రాదు, మరక పడదు.

మామ: రన్నింగ్-ఇన్ అయినాక అది పోసుకో. ఇప్పుడు మాత్రం ఆముదమే. లోహం మితిమీరి కాగినప్పుడు మిగతా నూనెలు ఎగిరిపోతాయి, ఆముదం చిక్కబడి గోడను అంటిపెట్టుకుంటాది. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజిన్ విమానాలు ఎగిరింది కూడా ఆముదం మీదే. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్టల్లో పండే పంట, దానికేం తక్కువ! కానీ తలకు రాసుకునే సీసా తేవద్దు, జిగురు తీసి శుద్ధి చేసినదే కావాల. లేకుంటే జెట్టు మూసుకుపోయి అదే లీన్ చేస్తాది.

అల్లుడు: ఎంత పాలు?

మామ: నూటికి ఇరవైకి తగ్గొద్దు. కొన్ని అంతర్జాతీయ పోటీల్లో వైమానిక క్రీడల సంఘం ఎఫ్ఏఐ నిబంధనల ప్రకారం ఇచ్చే ఇంధనమూ అదే, ఎనభై పాళ్లు మిథనాల్, ఇరవై ఆముదం. నైట్రోమీథేన్ కోసం తిరగొద్దు, రన్నింగ్-ఇన్‌కు అది లేకున్నా నడుస్తాది.

అల్లుడి ఇంజిన్‌లో ఆ మిథనాల్‌ను మండించే గ్లో ప్లగ్ వెనక చిన్న అద్భుతం ఉంది. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ దాన్ని బజారులోకి తెచ్చేదాకా డీజిల్ కాని మోడల్ ఇంజిన్‌కు కాయిల్, బ్యాటరీ, కండెన్సర్ మోయక తప్పేది కాదు. ప్లాటినం కలిసిన తీగ మిథనాల్ ఆవిరి తగిలితే తనంతట తానే ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. బ్యాటరీ మొదట అంటించేందుకే. జపాన్‌లో 1936 నుంచి ఉన్న ఓఎస్ లాంటి కంపెనీల ఇంజిన్లు ప్రపంచమంతా పాకడానికి ఆ చిన్న తీగ చాలా సాయపడింది.

మామ: సరే, స్టాండు ఎక్కడ పెడతాండావు?

అల్లుడు: షెడ్డు ముందర. గాలి బాగా తగుల్తాది.

మామ: ఆ నేల చూడు. ఎన్నేళ్లు ఖనిజం లారీలు నిలబడిన చోటది! 2011 జూలైలో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించినాక లారీలు తగ్గినాయి గానీ ఎర్రదుమ్ము పోలేదు. ఈ ఇంజిన్లకు ఎయిర్ ఫిల్టర్ లేదు, నోరు తెరుచుకుని ఎదురుగా ఉండేదంతా మింగుతాయి. ప్రొపెల్లర్ వెనక లేచే గాలి దుమ్మును ఎత్తి కార్బొరేటర్‌లోకే పోస్తాది.

అల్లుడు: ఆ ఎర్రదుమ్ము హెమటైట్ మామా, ఇనుము ఆక్సైడ్. కంసాలులు నగలకు మెరుగు పెట్టే ఎర్రపొడి కూడా అదే పదార్థం.

మామ: ఇంకేం మరి! నీ క్రోమ్ గోడకు మెరుగు పెట్టి పెట్టి పిస్టన్‌ను సగం చేసి ఇస్తాది. మిద్దె మీద పెడదాం పద, సిమెంటు నేల. నీళ్లు చల్లి, స్టాండు నడుమెత్తున బిగిద్దాం.

ప్రొపెల్లర్ ఎంచుకునేటప్పుడు కొలత చూస్తారు, పిచ్ చూస్తారు, కింద నేల ఏమిటో చూడరు. బళ్లారిలో, సండూరులో, తోరణగల్లులో ఇది మొదట చూడాల్సిన విషయమని నా గట్టి అభిప్రాయం. రేగడి పొలాల వైపు నల్లదుమ్ముదీ ఇదే కథ.

అల్లుడు: ఒక 10×5 విరిగితే ఇంకోటి కావాల. డ్రోన్లతో పెళ్లి వీడియోలు తీసేవాళ్ల దగ్గర ఎలక్ట్రిక్ ప్రొపెల్లర్లు దండిగా దొరుకుతాయి, రెండు తెచ్చినా.

మామ: చూపించు. ఇది బ్యాటరీ మోటార్‌ది కదా! రెక్క ఇంత పల్చగా ఉంది. దీన్ని పేలుళ్ల ఇంజిన్‌కు బిగిస్తావా?

అల్లుడు: (ప్యాకెట్ వెనక రాసింది చదివి) అవును మామా, తప్పే. ఏపీసీ కంపెనీ హద్దు చెప్పింది. ఇంజిన్ ప్రొపెల్లర్లకు 1,90,000ను అంగుళాల వ్యాసంతో భాగించాల, పది అంగుళాలకు 19,000 చుట్లు. ఎలక్ట్రిక్ పల్చటివాటికి హద్దు అంతకన్నా బాగా తక్కువ. నా ఇంజిన్ 15,000 దాకా పోగలదు. హద్దు అంచుకు పోయినట్టే.

మామ: చుట్లే కాదప్పా, మోటార్ ఒకే తీరుగా తిప్పుతాది, ఇంజిన్ చుట్టు చుట్టుకూ తన్నుతాది. ఆ తన్నులకు పల్చటి రెక్క మొదట్లోనే చీలుతాది.

పది అంగుళాల ప్రొపెల్లర్ 15,000 చుట్లు తిరిగినప్పుడు దాని కొన సెకనుకు దాదాపు 200 మీటర్లు, గంటకు 700 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. రన్నింగ్-ఇన్ సమయంలో మనిషి దాని పక్కనే నిలబడి నీడిల్ తిప్పుతూ ఉంటాడు. ఎగిరే విమానం కన్నా బల్ల మీద తిరిగే ఇంజిన్ దగ్గరే ప్రమాదం ఎక్కువ. అందుకే ఈ పని మొదలుపెట్టే పిల్లలకూ, వాళ్ల పెద్దలకూ నా విన్నపం. కాగితంలో ఏబీసీ అని ఉందా, రింగు అని ఉందా, ఇనుము అని ఉందా చూసి ప్రొపెల్లర్ కొనండి. కాగితం పోయి ఉంటే ప్లగ్ తీసి, చల్లగా ఉండగా ఒకటి రెండుసార్లు చేత్తో తిప్పండి. పైన బాగా పట్టేస్తే దాన్ని ఏబీసీ కింద లెక్కకట్టండి. నీడిల్ ఎప్పుడూ వెనక నుంచే సర్దండి, రెక్కలు తిరిగే వరుసలో ఎవర్నీ నిలబెట్టకండి. మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి కనపడదు, నిండు బకెట్ నీళ్లు పక్కన ఉంచుకోండి. అంచు మీద చిన్న గాటు పడ్డ ప్రొపెల్లర్‌ను దాచుకోకుండా, ఇంకొకరు ఏరుకుని బిగించకుండా, రెండు ముక్కలుగా విరిచి పారేయండి.